ఒక ఫైలు మారింది

జూన్ 2

బావమరిది వెళ్ళిపోయి మూడు రోజులైంది. కుర్చీ ఉంది, కుర్చీ వీపున వాడి తువ్వాలు ఉంది, వాడే లేడు.

ఏదో చిన్న సరదా చేశాను. నా జన్మలో నేను చేసిన సరదాల పక్కన పెడితే అది ఆవగింజ. దానికే నలభై ఒక్కేళ్ళ మగాడు, ఇద్దరు పిల్లల తండ్రి, కంప్యూటర్ చంకన పెట్టుకుని, ఒక చెప్పు సగం వేసుకుని మెట్లు దిగిపోయాడు. గుమ్మంలో ఆగి ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయను. కాగితానికైనా కాస్త మర్యాద ఉండాలి.

రెండు రోజుల్లో వస్తాడు. ఆకలేస్తే అలక దానంతటదే దిగుతుంది.

జూన్ 3

రాలేదు. లాండ్రీ యజమానురాలు ఫోన్ చేసింది. ఆవిడ ఏడు షాపులకూ బట్టల లెక్క చూసే ప్రోగ్రాము మాదే. రాసేది వాడు. రాసినదాన్ని మెచ్చుకుంటూ జనానికి అంటగట్టేది నేను.

"మీ బావమరిదిగారు మిగతా పని ఇంటి నుంచే చేస్తారటగా. ఏం, కొట్టుకున్నారా?"

"లేదమ్మా. మా గదిలో ఇద్దరికి సరిపడా గాలి రావడం లేదు."

"మీ నోటికి సరిపడా గాలి ఏ గదిలో ఉంటుందండీ?" అని పెట్టేసింది. నాకు సరైన జోడీ ఆవిడే. పాపం, ఆవిడకు మొగుడున్నాడు.

ఆవిడకు చెప్పాడు, నాకు చెప్పలేదు. పోనీలే, పని మానలేదుగా.

జూన్ 4

పనంతా ఉన్న ఫోల్డర్ మా ఇద్దరి కంప్యూటర్లలోనూ ఒకటే. వాడు ఇంట్లో కూర్చుని ఏ ఫైలు మార్చి సేవ్ చేసినా ఇక్కడా మారుతుంది. మాటలు ఆగినా అది ఆగలేదు.

దాని మీద కాపలాకు వాడే ఎప్పుడో నా కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము రాసిపెట్టాడు. లోపలి ఫోల్డర్లలో వేటిని చూడాలో దానికి పేర్లు రాసివ్వాలి. మా జాబితాలో నాలుగు పేర్లున్నాయి. అరగంటకోసారి ఆ నాలుగింటినీ తిరిగి చూసి, ఏ ఫైలైనా మారితే మొత్తం ప్రోగ్రామును మళ్ళీ కట్టి లాండ్రీలకు పంపిస్తుంది. మంచి పనిమనిషి, కాకపోతే మూగది.

ఇవాళ దానికి నేను నోరు పెట్టాను. పదో తరగతి రెండుసార్లు తప్పిన ఈ చేత్తో, ఎవరి సాయమూ లేకుండా, రెండు లైన్లు రాశాను. ఇకనుంచి మార్పు కనబడగానే టైము వేసి తెర మీద చెబుతుంది, ఒక చిట్టా ఫైల్లో కూడా రాసుకుంటుంది. ఏ ఫైలు మారిందో చెప్పదు. అంత చదువు నాకు రాలేదు. చిట్టాను మొదటి ఫోల్డర్లోనే, చేతికందేలా పెట్టుకున్నాను.

10:40. ఒక ఫైలు మారింది.

అక్షరాలా అలాగే వచ్చింది. లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను. వాడు పనిలో ఉన్నాడు. అంటే బాగానే ఉన్నాడు.

ఫోల్డర్ తెరిచి చూడను. తెరిస్తే 'చివరగా చూసింది బావ' అని వాడి తెర మీద పడుతుందేమో. ముందు దిగివచ్చింది నేనేనని లోకానికి చాటుకోవాలా? చూడను. తెర మీద లైను వస్తే చాలు.

జూన్ 5

11:10, 11:40, 12:10, 12:40. గడియారం ముల్లు మింగాడా ఏమిటి వీడు! అరగంటకోసారి, ఒక్క నిమిషం తప్పకుండా. నాతో ఉన్నప్పుడు రోజుకు నాలుగుసార్లు టీకి లేచేవాడు. నా మీద కోపం వాడికి క్రమశిక్షణ నేర్పింది. ఇందుకైనా నాకు దండ వెయ్యాలి.

జూన్ 7

ఏడిపించడానికి మనిషి లేడు. పొద్దున కింద చెప్పుల షాపుకు వెళ్ళి, అద్దాల బీరువాలో ఉన్నవన్నీ ఎడమకాలి చెప్పులే అయ్యేలా సర్దివచ్చాను. షాపాయన చూశాడు, తిట్టలేదు. ఒక్కొక్కటీ తీసి మళ్ళీ జతలు కలుపుతూ, "ఆయన ఇంకా రాలేదా?" అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు? మీరిలా చేసినప్పుడల్లా వెనకాలే వచ్చి సర్దిపెట్టి, సారీ చెప్పి వెళ్ళేవాడు. ఇవాళ నేనే సర్దుకోవాల్సొచ్చింది."

ఈ సంగతి నాకు తెలియదు. పన్నెండేళ్ళుగా నా వెనక ఊడ్చుకుంటూ వచ్చాడన్నమాట. దొంగవెధవ, ఒక్కసారీ చెప్పలేదు.

మధ్యాహ్నం నా రెండో ఫోన్ నుంచి నాకే చేసి, "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను. అంతగా నవ్వు రాలేదు.

జూన్ 8

ఆదివారం కూడా పనిచేస్తున్నాడు. తెర మీద పాత లైన్లు చూస్తే తెల్లవారుజాము మూడూ పదికి కూడా ఉంది. వీడికి పెళ్ళాం లేదా, పక్క లేదా?

జూన్ 9

ఇప్పుడు లైను రాగానే "విన్నాన్లేరా" అంటున్నాను. పైకే అంటున్నాను. గదిలో ఎవరున్నారు కనక?

ఒంటిగంటా పదికి వాడు సేవ్ చేశాడు, నేను క్యారియర్ మూత తీశాను. ఒకటీ నలభైకి మళ్ళీ చేశాడు, నేను చెయ్యి కడిగాను. వెనకటిలా ఇద్దరం ఒకేసారి తిన్నట్టయింది. కూర మాత్రం దరిద్రంగా ఉంది. వాడైతే ఆ మాట చెప్పకుండా తినేవాడు.

జూన్ 10

లైన్లు వస్తున్నాయి.

జూన్ 12

రాస్తాను. చదివేవాళ్ళు లేరు కాబట్టి రాస్తాను.

తను, అదే వాడి అక్క, పోయి రెండేళ్ళు దాటింది. నా పాత ఫోన్లో తన గొంతు ఒకటి మిగిలింది. ఏడు సెకన్లు. ఫోన్లో ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే రికార్డయింది, తనకు తెలియదు. ఈ గదిలోనే, ఆ మూల స్టవ్ దగ్గర నించుని తమ్ముణ్ణి కేకేస్తోంది: "ఒరేయ్ బుడ్డోడా, తిన్నావా లేదా? చల్లారిపోతోందిరా." తరవాత గరిటె చప్పుడు. అంతే.

మే 30న వాడు టీకి వెళ్ళినప్పుడు, ఫైలు సేవ్ చెయ్యగానే ఫోన్లోని ఆ గొంతు వాడి కంప్యూటర్లోంచి మోగేలా రెండింటినీ కలిపాను, గొంతు మాత్రం ఫోన్లోనే ఉంచాను. వాడు మురిసిపోతాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. ఏమనుకున్నానో నాకే తెలియదు.

వచ్చాడు, కూర్చున్నాడు, సేవ్ నొక్కాడు.

గొంతు కంప్యూటర్లోంచి వచ్చిందని బుర్రకు తెలిసేలోపే మెడ స్టవ్ వైపు తిరిగింది. పిలిస్తే పిల్లలు తిరుగుతారే, అలా. "ఆ, తింటున్నా..." అని సగం మాట కూడా వచ్చేసింది. అది చూసి నేను నవ్వాను. నా నవ్వు వాడు చూశాడు.

మళ్ళీ సేవ్ నొక్కాడు. మళ్ళీ మోగింది. ఇంకోసారి నొక్కాడు. నేను నవ్వాపేశాను. అప్పుడు లేచాడు.

గుమ్మంలో అన్న మాట కూడా రాసేస్తాను. "అక్కే పోయాక నువ్వు నాకేమవుతావు?"

వాడి అక్క మెడలో నేను కట్టిన తాడుతోనే కదా నేను వాడికి బావనైంది. ఆమె పోతే వాడు వాడే, నేను నేనే. దారిన పోయే ఇద్దరు.

కానీ అరగంటకోసారి లైను వస్తోంది. ఏమీ కానివాడి కోసం ఎవడు అరగంటకోసారి పనిచేస్తాడు?

జూన్ 13

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

జూన్ 16

లాండ్రీ ఆవిడ.

"ఏవండీ, మూడు వారాల కింద చెప్పాను. చొక్కా వేస్తే దుప్పటి రేటు పడుతోందని. ఇవాళ కూడా పడింది. ఒకాయన మూడు చొక్కాలిచ్చి, ఇవి మా ఇంటిల్లిపాదీ కప్పుకునేవా అని అడిగాడు."

"పని నడుస్తోందమ్మా. అరగంటకోసారి సేవ్ చేస్తున్నాడు. నా దగ్గర రుజువుంది, చిట్టా పంపమంటారా?"

"చిట్టా నేనేం చేసుకోను? ఇస్త్రీ చెయ్యనా? శుక్రవారం దాకా చూస్తాను. ఆ తరవాత వేరేవాళ్ళని పెట్టుకుంటాను. మీ మీద కోపం కాదండీ, మీ మాటలు బాగుంటాయి. కానీ మాటలతో చొక్కా చొక్కా కాదు కదా."

రెండు వారాల్లో ఆరువందలసార్లు ఫైలు మార్చి చొక్కాను చొక్కా చెయ్యలేకపోయాడా? వాడా? వాడి చెయ్యి అలాంటిది కాదు. నా మీద కోపంతో కావాలనే పాడుచేస్తున్నాడేమో.

ఛ. వాడు నాలాంటివాడు కాదు.

జూన్ 18

వాడు నా ఫోన్ ఎత్తడు. వాడి భార్యకు చేశాను. నా గొంతు వినగానే, "బాగున్నారా అన్నయ్యగారూ? తింటున్నారా?" అంది. మొగుడికి లేని మర్యాద ఈ పిల్లకుంది.

"వాణ్ణి ఒక్క నిమిషం కంప్యూటర్ ముందు నుంచి లేవమని చెప్పమ్మా. మాట్లాడాలి."

"కంప్యూటరేంటి అన్నయ్యగారూ? దాని మూత తీసి ఆరు రోజులైంది. సోమవారం నుంచి మందుల గోడౌన్లో ఉద్యోగానికి వెళ్తున్నారు. పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. మీకు రాశానన్నారే?"

అప్పుడే నా కళ్ళ ముందు తెర మీద పడింది. 11:10. ఒక ఫైలు మారింది.

"అన్నయ్యగారూ? ఉన్నారా?"

ఉన్నానమ్మా అన్నాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా వెళ్ళి తలుపు బార్లా తీసి వచ్చి కూర్చున్నాను. తరవాత, పంతం గట్టున పెట్టి, ఫోల్డర్ తెరిచాను.

నాలుగు ఫోల్డర్లలో వందకు పైగా ఫైళ్ళు. ఒక్కొక్కదాని పక్కన ఎప్పుడు మారిందో ఉంటుంది. అన్నీ మే నెలవి. ఒకటి మాత్రం జూన్ 4, పదింబావుది. ఇంకొకటి ఇవాళ్టిది, 11:10. ఆ ఇంకొకటి నా చిట్టా.

అరగంటసేపు అలా కూర్చున్నాను. 11:40కి నా కళ్ళ ముందే మళ్ళీ జరిగింది. కాపలాది వచ్చి చూసింది. కిందటిసారికీ ఇప్పటికీ ఒక ఫైలు మారిందే అనుకుంది. మారిందని చిట్టాలో రాసింది. ఆ రాతతో చిట్టా మారింది. అరగంట తరవాత వచ్చి, అయ్యో ఒక ఫైలు మారిందే అనుకుంటుంది. మళ్ళీ రాస్తుంది. చిట్టాను తీసుకెళ్ళి కాపలా ఉన్న ఫోల్డర్లోనే పెట్టిన మహానుభావుణ్ణి నేనే. అరగంటకోసారి నా రాతను నాకే చదివి వినిపించింది.

వాడు చేసింది జూన్ 4న వచ్చిన ఆ మొదటి లైను ఒక్కటే. ఆ తరవాత నేను 'విన్నాన్లేరా' అన్నది నాతోనే. కలిసి తిన్నది నాతోనే. ఊళ్ళో అందరినీ ఏడిపించినవాణ్ణి, రెండు వారాలు నన్ను నేను ఏడిపించుకున్నాను. ఇంత గొప్ప సరదా ఇదివరకెప్పుడూ చెయ్యలేదు.

అక్కడితో అయిపోలేదు. నాలుగింటి కింద ఐదో ఫోల్డర్ ఉంది. 'కొత్త రేట్లు'. జూన్ 5న పెట్టాడు. కాపలా జాబితాలో దాని పేరు లేదు కాబట్టి కాపలాది దాని వైపు కన్నెత్తి చూడలేదు.

మా ఇద్దరికీ ఒక పద్ధతుంది. ఎవరు కొత్త ఫోల్డర్ పెట్టినా రెండోవాడికి అందులో చీటీ రాసిపెట్టాలి. చదివినవాడు దాని కిందే జవాబు రాయాలి. పన్నెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఇందులో ఐదు చీటీలున్నాయి.

జూన్ 5: "బావా, రేట్ల భాగం మొత్తం మళ్ళీ రాసి ఇందులో పెడుతున్నాను. ఈ ఫోల్డర్ పేరు కాపలా జాబితాలో చేర్చు. చొక్కా గొడవ తీరిపోతుంది. మిగతాది తరవాత రాస్తాను."

జూన్ 7: "చేర్చినట్టు లేదే. బావా, ఆ రోజు నేను పెద్ద మాటన్నాను. కానీ నాకు కోపం అక్క గొంతు వినిపించినందుకు కాదు. అది రెండేళ్ళుగా నీ దగ్గర ఉండి చెప్పనందుకు. అక్క గొంతు మర్చిపోతున్నాను బావా అని కిందటేడు నీ ముందే ఏడ్చాను. అప్పుడు కూడా చెప్పలేదు. నీ దగ్గర ఎన్ని ఉన్నాయి? నాకు పంపు."

జూన్ 9: "ఒక్కటే ఉన్నా పంపు బావా."

జూన్ 10: "చదివి నవ్వుకుంటున్నావా బావా?"

జూన్ 12: "రేట్ల పని పూర్తయింది. ఫోల్డర్ చేర్చుకుంటే లాండ్రీ వాళ్ళకు వెళ్తుంది. సోమవారం నుంచి నేను వేరే ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇక ఇందులో రాయను."

ఐదోదాంట్లో బావా లేదు.

జూన్ 19

జాబితాలో ఐదో పేరు చేర్చాను. చిట్టాను బయట పడేశాను. అరగంటలో ఏడు షాపుల్లోనూ చొక్కా చొక్కా అయింది. లాండ్రీ ఆవిడ ఫోన్ చేసి, "ఆయనకు నా థాంక్స్ చెప్పండి. మీకు కాదు" అంది. "సరేనమ్మా" అన్నాను. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

చీటీ కింద జవాబు రాయబోయాను. మొదటిసారి రాసింది జోకైంది, కొట్టేశాను. రెండోది కూడా. మూడోసారి 'నేను చూడలేదు' అని రాశాను. నిజమే, కానీ దొంగలందరూ చెప్పేది అదే. కొట్టేశాను.

కంప్యూటర్ మూతే తియ్యనివాడికి అందులో రాస్తే ఏం లాభం? రేపు వెళ్తాను.

జూన్ 20

గోడౌన్ గేటు బయట, ఎదురుగా బల్ల మీద గంటన్నర కూర్చున్నాను. ఒంటిగంటకు అందరూ క్యారియర్లు పట్టుకుని బయటికొచ్చారు. వాడు చివర వచ్చాడు. నీలం కోటు వేశారు, భుజాలు వేలాడుతున్నాయి. ఎవడి కొలతో అది. నోటిదాకా వచ్చిన మాట మింగాను.

నన్ను చూసి ఆగాడు. "ఎందుకొచ్చావు?"

"నీ కాపలా ప్రోగ్రాము కొత్త ఫోల్డర్లను చూడదురా."

"చూడదు. పేరు ఇవ్వాలి. చేర్చమని రాశాగా."

"ఎక్కడ రాశావు?"

"ఆ ఫోల్డర్లోనే..." అంటూ ఆగిపోయాడు. వాడి మొహంలో లెక్క తిరగడం చూశాను. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయిందని వాడికి మెల్లిగా అర్థమైంది.

"తెరిచి చూడలేదా నువ్వు?"

"లేదు. పంతం."

"మరి ఇన్నాళ్ళూ ఏం చూస్తూ కూర్చున్నావు?"

చెప్పాను. రెండు లైన్లు రాసిన సంగతి, అరగంటకోసారి వచ్చిన సంగతి. చిట్టా ఎక్కడ పెట్టావన్నాడు. మొదటి ఫోల్డర్లో అన్నాను. చేత్తో నోరు మూసుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడో ఇంకేదైనానో తెలియలేదు. వాడి నవ్వు నాకు వందగజాల నుంచి తెలిసేది.

"రెండు వారాలా?"

"రెండు వారాలు. మూడింటికి కూడా పనిచేస్తున్నావని దిగులుపడ్డాను."

గోడ పక్కన ఖాళీ పెట్టెల మీద కూర్చున్నాడు. నేను నించునే ఉన్నాను. కూర్చోమనలేదు.

"ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటే. నువ్వు విన్నదే. ఏడు సెకన్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

దారంతా ఈ ప్రశ్నకు జవాబులు కట్టుకుంటూ వచ్చాను. నువ్వు బాధపడతావని, సమయం చూసి చెబుదామని. బాగానే కట్టాను. ఒక్కటీ బయటికి రాలేదు.

"చెబితే ఇవ్వాలి. ఇస్తే అది నీదైపోతుంది" అన్నాను. "అందులో తను పిలిచింది నిన్ను. నా పేరు లేదు. నన్ను పిలిచింది నా దగ్గర ఒక్కటీ లేదురా. అందుకని దీన్నే దాచుకుని, నన్నన్నట్టే వింటున్నాను."

వాడు చెయ్యి చాపాడు. పాత ఫోన్ ఇచ్చాను. జేబులోంచి తన ఇయర్‌ఫోన్ తీసి తగిలించుకున్నాడు, ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. నొక్కాడు.

నాకు వినబడలేదు. వాడి పెదాలు కదలడం మాత్రం చూశాను. ఏడు సెకన్లు అయిపోయాయి. మళ్ళీ నొక్కుతాడనుకున్నాను, నొక్కలేదు. ఫోన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. నా ఫోన్ అని గుర్తుచెయ్యలేదు. ఇంకో ప్రతి తీసుకోలేదు నేను. పొద్దున తీసుకుందామని కూర్చుని, తీసుకోకుండానే లేచాను.

క్యారియర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత తియ్యలేదు. నేల చూస్తున్నాడు.

"నువ్వు వెళ్ళు బావా."

ఏ గొంతుతో అన్నాడో దారిపొడుగునా అనుకుని చూశాను, పట్టుబడలేదు. కోపమైతే అంత నెమ్మదిగా రాదు. కోపం పోతే వెళ్ళమనడు.

వెళ్ళాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్కది ఖాళీగానే ఉంది. సంచీ దాని మీద పెట్టకుండా, దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను.